వేలిముద్రకు పైన ఖాళీ

"ఏ కాగితం మీదా ఏలు పెట్టొద్దు. ఇనపడిందా?"

"ఇనపడిందిలే. సద్ది మూట మరిసిపోతావు, తీస్కపో."

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఆయన ఆదోనిలో ఒక పత్తి యార్డులో హమాలీ. రొట్టెల మూట చంకన పెట్టుకుని, కొక్కెం భుజానికి తగిలించుకుని పోయాడు. మధ్యాహ్నానికి పత్తి కుక్కిన బోరాలు వరుసకు వరుసే ఆయన మీద కూలాయి. పత్తి తేలిక అనుకుంటారు జనం. మోసిన వాళ్లను అడగాలి.

ఇంటికి తెచ్చినప్పుడు నేను ముందు చూసింది ముఖం కాదు, ఎడమచేతి బొటనవేలు. నీలంగా ఉంది. సిరా. నన్ను పెట్టొద్దన్న మనిషి తాను పెట్టాడు.

ఆయన ముఠాలో పెద్దాయన్ను అడిగాను.

"ఏం కాగితమన్నా అది?"

"కొళాయి కాగితమంట సెల్లెమ్మా. పెద్దాఫీసరు వస్తాండాడని పొద్దున్నే అందరితో ఏలిముద్ర ఏయించినాడు సారు."

"సదివినారా?"

"మాకు సదువుంటే బోరాలెందుకు మోస్తాం?"

సారు అంటే యార్డు అధికారి. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆయన రిటైరవుతున్నాడట, ఏమేం మంచి చేశాడో పాత పనివాళ్లు తలా ఒక కాగితం రాయించి ఇవ్వాలట. సరే, చేసినవి చెబుతాను. ఎద్దులు తాగే తొట్టిలోనే మేమూ ముంచుకుని తాగేవాళ్లం, ఆయన వచ్చి కొళాయి వేయించాడు. మా పేట ఆడవాళ్లూ సాయిబుల ఇళ్ల ఆడవాళ్లూ ఒకే వరుసలో నిలబడాలని, తాను ఎండలో నిలబడి మరీ నీళ్లు పట్టించాడు. వేపమొక్కలు నాటించి ముళ్లకంప చుట్టించాడు. అవన్నీ నా కళ్లతో చూసినవే. బోరాలు ఆరు వరుసలకు మించి పేర్చొద్దని ముఠా పోయి అడిగితే, "ఈ సుగ్గి దాటనీండప్పా" అని, పంట వచ్చే కాలం పోనిమ్మని పంపించిందీ ఆ సారే. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. కూలిన రోజు ఎనిమిది వరుసలు ఉన్నాయి.

దినాలు అయిపోయాక ఒకరోజు సారు సైకిల్ మీద మా ఇంటికే వచ్చాడు.

"ఏమ్మా, యార్డులో ఊడ్చే పనికి నీ పేరు పెడతాండా. ఈడ ఏలిముద్ర వెయ్యి."

సిరా డబ్బా కూడా తెచ్చుకున్నాడు. మూత తీశాడు. పక్కింటామె నా జబ్బ పొడిచింది. "ఏస్తే నీ సొమ్మేం పోతాదే? సారు ఇంటికొచ్చేది యాడన్నా సూసినామా?"

నా అనుమానమూ అదే. ఎవరింటికీ రాని మనిషి నా గుడిసెకు ఎందుకొచ్చాడు?

"సేతులు పిండిలో ఉండాయి సార్. కాగితం ఆడ పెట్టిపో, తెస్తా" అన్నాను. నా చేతులకు పిండి లేదు. ఆయన చూశాడు.

"ఎల్లుండి లోపల తే. ఇంకొకామె అడుగుతాంది" అని పోయాడు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి ఎమ్మిగనూరులో మా అన్న ఇంటికి పోయాను. మగ్గం ఆపమన్నాను. ఆ ఇంట్లో చదువు వచ్చింది అన్న కూతురికి ఒక్కదానికే. ఇప్పుడు రాస్తున్నదీ అదే, నువ్వే. అప్పుడు రెండు జడలు నీకు.

"నా పెనిమిటి సనిపోయినాడు, నాకు ఊడ్చే పని ఇప్పించండి అని ఉంది అత్తా."

"అంతేనా? మల్లా సూడు."

"అంతే."

నాకు తల కొట్టేసినట్టయింది. మంచి చేయబోయిన మనిషిని అబద్ధమాడి పంపించాను. అప్పుడు నువ్వు కాగితం మీద చెయ్యి పరిచి చూపించావు.

"ఈడ జానెడు కాళీ ఉంది సూడత్తా."

రాత పైన మూడు వరుసలే. వేలు పెట్టే చోటు అడుగున. మా అన్న, "అర్జీలు అట్లే ఉంటాయిలే" అన్నాడు. ఉంటాయేమో. నాకు మాత్రం ఆ నీలం వేలు కళ్లలో మెదిలింది.

"పాపా, ఆ కాళీ నింపు."

"ఏం రాయల్ల?"

"మీ మామ యాడ సచ్చినాడో రాయి. బోరాలు ఎన్ని వరుసలుండాయో రాయి. ఆరు సాలని ముఠా అడిగింది రాయి. ఏలు పెట్టే తావు దాకా రాయి."

"ఇది సూస్తే పని ఇస్తాడా నీకు?" అన్నాడు అన్న.

"ఇయ్యకపోతే కలుపుకు పోతా."

నూలుకు అద్దే నీలం రంగులో వేలు ముంచి ముద్ర వేశాను.

యార్డుకు పోయి ఇస్తే, సారు దాన్ని నిలబడే చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇది నేనిచ్చిన కాగితమేనా?"

"మీదే సార్. కాళీలో ఉండేదే నాది."

మడిచి జేబులో పెట్టుకున్నాడు. పని పోయిందనుకుని ఆస్పరి వైపు కలుపుకు పోయాను. నెల తిరక్కముందే రమ్మని కబురొచ్చింది. చీపురు పట్టుకోకముందే బోరాలు లెక్కపెట్టాను. ఆరు వరుసలు. ఏటా లెక్కపెట్టేదాన్ని. ఏడు కనబడ్డ రోజు ముఠాను కేకేసి చూపించేదాన్ని. సారు దూరం నుంచి చూసేవాడు, వద్దని ఏనాడూ అనలేదు.

ఆ కాగితం పైకి పంపాడో చింపేశాడో తెలియదు. ఖాళీ వదిలింది ఎందుకో అడగలేదు. ఆయన నాటించిన వేపల కింద ఇన్నేళ్లు సద్ది తిన్నాను, నీడ చల్లగానే ఉండేది. అయినా ఆయన ఎదురైతే బొటనవేలు పిడికిట్లో దాచుకునేదాన్ని. మా ఆయన ముద్ర వేసిన కాగితంలో ఏముందో ఇప్పటికీ ఎవరూ నాకు చెప్పలేదు.

రాసినావా ఇదంతా? పైనుంచి కిందిదాకా ఒకసారి సదువు పాపా. నేను ఇంటా. ఏలు పెట్టేకి సిరా, సదివినాక తెద్దువుగానీ.