సుజాత అప్పుడే అడిగిన ప్రశ్న

ఉద్యోగం లైసెన్స్ రెన్యూవల్‌కి క్లాసులు తప్పనిసరి కాబట్టి, ఈ ఉదయం విసుక్కుంటూనే పక్క ఊరు శాన్ రామన్ వెళ్లాను. ఆస్పత్రిలో రోగుల శ్వాస సంగతి చూసే రెస్పిరేటరీ థెరపిస్టుని. పదేళ్లుగా చేస్తున్న పనిలో కొత్తగా నేర్చుకునేదేముంది అనుకున్నాను.

తెర మీద ఒక మెషీన్ స్లైడు పడింది. ఆపరేషన్ అయినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి గాలిని నెట్టే మెషీన్ అది, నేను రోజూ వాడేదే. చాలామందికి దాని అవసరం లేదని, లేపి కూర్చోబెట్టి గట్టిగా ఊపిరి తీసుకోమంటే చాలని లెక్చరర్ చెప్పాడు.

పక్క కుర్చీలో మా తెలుగు చర్చి అమ్మాయి సుజాత ఉంది. ఆమెకు ఆ మెషీన్ పని నేర్పింది నేనే.

"అక్కా, ట్రైనింగ్‌లో నేను ఇదే అడిగితే మీరు కోప్పడ్డారు, గుర్తుందా?" అంది మెల్లగా.

"ఏమన్నాను?"

"డాక్టర్ ఆర్డర్ రాశాక క్వశ్చన్ చేయకూడదు, ముందు మెషీన్ ఆన్ చెయ్ అన్నారు."

సారీ చెప్పాను. ఆమె నవ్వేసింది.

నాలుగు గంటలు హాజరైనట్టు సర్టిఫికెట్ చేతికిచ్చారు. నేర్చుకున్నది మాత్రం అందులో లేదు. మీరూ ఎవరి నోరైనా ఇలా మూయించి ఉంటే చెప్పండి, నాకు కాస్త తోడుంటుంది. ఎందుకంటే కారులో ఇంటికొస్తుంటే తట్టింది: నేను కోప్పడ్డ ఆ రోజు తర్వాత పని గురించి సుజాత నన్ను ఇంకేమీ అడగలేదు.