కమానుకు రెండు బారల గోడ

నోవహు ఓడకు నీరు దిగకుండా కీలు, అంటే తారు, పూసే పని మా తాత రత్నరాజుకు అప్పగించి ఉంటే, ఆ ఓడ ఈ పొద్దుకీ ఫిషింగ్ హార్బర్‌లో లంగరేసుకుని ఉండేది. నమ్మకం లేనివాళ్ళను హార్బర్ వెనక కొండవాలున ఉన్న మా పాత క్రీస్తు గుడిని చూసి రమ్మనవచ్చు, అది ఉండి ఉంటే.

ఆ గుడిని నూట ముప్పై ఏళ్ళ కిందట ఒక దొర ఫాదర్ కట్టించాడట. వాళ్ళ పల్లెలో ఎనిమిది వందల ఏళ్ళ నాటి చిన్న గుడి ఉంటే, దాని బొమ్మ మడతపెట్టి తెచ్చుకుని ఇక్కడి కొండరాయితో, గానుగ సున్నంతో అచ్చుగుద్దినట్టు దింపాడు. మూరన్నర మందం గోడలు, పిల్లి దూరేంత కిటికీలు, గుమ్మం మీద అర్ధచంద్రంలా రాతి కమాను. ఆ తీరును రోమనెస్క్ అంటారని ఓసారి కాలేజీ పిల్లలు వచ్చి చెబితే, “ఏదో మాత్ర పేరులాగుంది” అన్నాడు తాత.

ఊరంతా సిమెంటు పని చేసిన తాపీమేస్త్రీయే గానీ, ఈ గుడికి మాత్రం నలభై ఏళ్ళు సున్నమే వాడాడు. క్రిస్మస్‌కు నెల ముందే నానబెట్టి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవాడు. బెల్లం కోసం చెయ్యి చాచిన మనవలను తాపీ చూపించి తరిమేవాడు.

ఎనిమిదేళ్ళ కిందట కమిటీ సెక్రటరీ గుణశేఖర్ గోడలకు సిమెంటు పూసి టైల్స్ అతికించాలన్నాడు.

“సెక్రట్రీ బాబూ, సున్నం గోడ ఊపిరి తీసుకుంటాది. సముద్రపు సెమ్మ లోపలికొచ్చినా మళ్ళీ బయటికెల్పోతాది. సిమెంటేస్తే లోపలే ఉండిపోయి రాయిని తినేత్తాది” అన్నాడు తాత.

“ఊపిరా? అయితే గోడకి ఎక్స్‌రే తీయిద్దామేటి మేస్త్రీ?”

పూజకొచ్చిన జనమంతా నవ్వారు. మా నానమ్మ ప్రేమలీల కూడా నవ్వింది.

చివరికి సిమెంటు పూసింది తాతే. వేరేవాళ్ళు పూస్తే సిమెంటు పట్టాలని గునపాలతో రాయిని పొడిచేస్తారని ఆయన భయం. చేసిన తప్పల్లా అదే. ఈ ఏడాది గోడల్లో ఉప్పు పొంగింది, టైల్స్ ఊడాయి, గోటితో గీకితే రాయి ఇసుకలా రాలింది. గుణశేఖర్ మైకు పట్టుకుని, “పూసిన సెయ్యి మంచిది కాదు” అన్నాడు. జనం వెనక్కి తిరిగి ఆ చేతుల వంక చూశారు. తాత వాటిని కండువా కింద దాచుకున్నాడు.

గుడిని కూల్చక తప్పదన్నారు. తాత ఒక్కటే అడిగాడు, గుమ్మం కమానును ఉంచి దాని వెనక కొత్త గుడి కట్టమని. “కమాను బరువు కిందికి దిగదు బాబూ, పక్కలకి తంతాది. అటు రెండు బారలు, ఇటు రెండు బారలు గోడ వదిలేత్తే సాలు, నిలబడిపోద్ది.”

గుణశేఖర్ సరేనన్నాడు. తాత చేతులు చాచి కొలిచి, రెండు వైపులా ఎర్రరంగుతో గీతలు గీశాడు. ఆ వారమంతా రోజూ వెళ్ళి గీతలు చెరిగిపోలేదని చూసుకుని వచ్చేవాడు. “పెళ్ళికొడుకు బయల్దేరాడు” అని ఇంట్లో ఏడిపించారు.

కూల్చే రోజు జనం ఫోన్లెత్తి నిలబడ్డారు. జేసీబీ గీత దాకా వచ్చి ఆగింది. కార్లు పెట్టుకోవడానికి చోటు చాలదంటూ గుణశేఖర్ ఇంకాస్త రమ్మని డ్రైవర్‌కు చెయ్యూపాడు. తాత రెండు చేతులూ ఎత్తి, నోరు తెరిచి పరుగెత్తాడు. ఇద్దరు కుర్రాళ్ళు నడుం పట్టుకుని ఆపేశారు. ఆ పక్క వదిలిన రెండు బారల్లో బారన్నర గోడ పోయింది. కమాను కాళ్ళు పక్కకు జరిగాయి. ముందు నడిమి రాయి జారింది, దాని వెనకే మిగతావన్నీ. దుమ్ములోంచి చప్పట్లు వినిపించాయి.

“ఇదేటి మేస్త్రీ? నిలబడిపోద్దన్నావు, కూలబడిపోయింది!” అన్నాడు గుణశేఖర్. మళ్ళీ నవ్వులు.

సాయంత్రం తాత ఒళ్ళు కడుక్కోకుండానే పెరట్లో కూర్చున్నాడు. ఇంటరు రెండుసార్లు తప్పిన మనవరాలు రోజలిన్, ఇది రాసిందీ ఆమే, టీ గ్లాసు పట్టుకెళ్ళింది.

“నీకన్నీ ముందే తెలుసు గదా తాతా. గట్టిగా అరిసుంటే ఆపేవోళ్ళు గదా?”

తాత టీ అందుకున్నాడు.

“అరిసినానే. నువ్వు వీడియో తీస్తన్నావు, ఇన్లేదు.”