ఎవరు చేయాలి అన్న గడి

మా కాలేజీలో ఎంబీఏ పిల్లలు కన్యక మేడంకు భయపడేది ఒక్క విషయంలోనే. కేసు రిపోర్టు చివర ‘యాజమాన్యం తగిన చర్యలు తీసుకోవాలి’ అని రాశారా, ఆ కాగితం తిరిగి వాళ్ల చేతిలోనే పెడుతుంది. యాజమాన్యం అంటే ఎవరు, దానికి కాళ్లూ చేతులూ ఉన్నాయా, పొద్దున లేచి ఆ పని చేసేది ఎవరు అని నిలదీస్తుంది. ఏం పని, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, అయిందని ఎట్లా తెలుస్తుంది అని గడులు గీసి నింపితేనే అది సిఫారసు. లేకపోతే అరుగు మీద కూర్చుని పారేసే ఉచిత సలహా అంటుంది. పిల్లలు వెనకాల ఆమెకు ‘గడుల మేడం’ అని పేరు పెట్టుకున్నారు.

నేను పక్క క్లాసులో అకౌంట్స్ చెబుతాను. ఆమె ఆలూరులో బస్సెక్కి నాకు సీటు ఆపుతుంది, నేను చేవెళ్లలో ఎక్కుతాను. మొయినాబాద్‌లో కాలేజీ వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉంటాం. అసలు పేరు కన్యకాపరమేశ్వరి. నాయనమ్మ మొక్కుకుని పెట్టిన పేరట. హాజరు పట్టీలో పట్టదని కాలేజీ వాళ్లు సగం కోసేశారు.

చేవెళ్లలో లక్ష్మీనర్సయ్య కిరాణం అంటే తెలియని వాళ్లు లేరు. ఆ లక్ష్మీనర్సయ్య కూతురే ఈమె. బియ్యం బస్తాల మధ్యే పెరిగింది. చిన్నప్పుడే పొట్లం కట్టడం, కంది పప్పును పట్టుకుని చూసి పాతదా కొత్తదా చెప్పడం వచ్చు. అయితే వాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. ఆడపిల్ల గల్లాపెట్టెలో చెయ్యి పెట్టకూడదు. పెడితే ఆ ఇంటి లక్ష్మి ఆమె వెంట అత్తగారింటికి పోతుందట. ఆ లక్ష్మి ఎంత పిరికిదో గానీ, ఒక పిల్ల చెయ్యి తగిలితేనే సామాను సర్దుకుంటుంది! కన్యక మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ గల్లా ముందు కూర్చోవాలనే అనుకుంది. ఆ దుకాణం నడపడం తప్ప వేరే కోరిక ఆమెకు లేదు.

ఆమె ఎంబీఏ చివరి ఏడాదిలో ఉన్నప్పుడు మెయిన్ రోడ్డు మీద సూపర్ మార్కెట్ వచ్చింది. తండ్రి దుకాణంలో ఈగలు తోలుకునే రోజులొచ్చాయి. అందరూ నెట్‌లో దొరికే పెద్ద పెద్ద కంపెనీల మీద రిపోర్టులు రాస్తుంటే ఈమె తన తండ్రి దుకాణం మీద రాసింది. సాయంత్రాలు బస్తా మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను చూసింది. మొయినాబాద్, చిల్కూరు వైపు ఫామ్‌హౌస్‌ల వాచ్‌మెన్‌లు వారానికోసారి బండ్ల మీద వచ్చి సంచులు నింపుకుపోతున్నారు. ఫంక్షన్ హాళ్లలో వంటలు చేసేవాళ్లు నూనె డబ్బాల కోసం వస్తున్నారు. ఎక్కడి నుంచి వస్తున్నారని అప్పటిదాకా దుకాణంలో ఎవరూ అడగలేదు. ఆమె అడిగింది. సబ్బులూ షాంపూల దగ్గర సూపర్ మార్కెట్‌తో పోటీ వద్దు, ఫామ్‌హౌస్‌లకూ ఫంక్షన్ హాళ్లకూ ఫోన్ మీద ఆర్డర్ తీసుకుని ఆటోలో పంపాలి అని రాసింది. గడులు గీసింది. ఏం పని అన్నది నిండింది, ఎప్పటిలోగా అన్నది నిండింది.

‘ఎవరు చేయాలి’ దగ్గర మాత్రం పై నుంచి కింది దాకా కల్యాణ్ అని రాసింది. కల్యాణ్ ఆమె తమ్ముడు. అప్పుడు డిగ్రీలో ఉన్నాడు. దుకాణం మెట్టెక్కడమే అతనికి ఇష్టం లేదు.

మరి ఎందుకు రాసింది? మర్యాద కోసం. పెళ్లి పత్రికలో పెద్దవాళ్ల పేర్లు వేస్తాం, పని చేసేది వాళ్లు కాదని అందరికీ తెలుసు. దుకాణం కాగితం మీద ఇంటి మగపిల్లవాడి పేరు ఉండడం కూడా అలాంటిదే అనుకుంది. తన పేరు తనే రాసుకుంటే గల్లాకు ఆశపడ్డదంటారని జంకింది. బాపు చదివితే ఇదంతా ఎవరి బుర్రో తెలియదా, రేపటి నుంచి నువ్వే చూసుకో బిడ్డా అనడా అని ఆమె నమ్మకం.

లక్ష్మీనర్సయ్య ఆ రిపోర్టు కూతురితోనే చదివించుకుని విన్నాడు. మంచిగ రాసినవన్నాడు. నెల తిరగకుండా ఆటో కొన్నాడు, అందులో కల్యాణ్‌ను కూర్చోబెట్టాడు. ఆమె రాసింది రాసినట్టే జరిగింది. దుకాణం లేచి నిలబడింది. ఆమెను మాత్రం ఎవరూ పిలవలేదు. పిలిచేదాకా కాలక్షేపానికని కాలేజీలో చేరింది. పెళ్లయి ఆలూరు వెళ్లింది. భర్త షాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తాడు, ఆమె మాటకు అడ్డురాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పుట్టింట్లో నోరు తెరిచి అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇంతమంది పిల్లలను ‘ఎవరు చేయాలి’ అని నిలదీసిన మనిషి తనకోసం అడగలేకపోయింది.

ఈ ఏడు లక్ష్మీనర్సయ్య మొయినాబాద్‌లో రెండో దుకాణం పెట్టాలనుకున్నాడు. బ్యాంకు వాళ్లు రిపోర్టు తెమ్మన్నారు. అరటిపండ్లు పట్టుకుని స్వయంగా ఆలూరు వచ్చి, రాసిపెట్టమని కూతురిని అడిగాడు. ఆమె బస్సులో ఆ మాట చెబుతుంటే ముఖం వెలిగిపోయింది. ఈసారి నా పేరే రాస్తానంది. రాయమని నేనే ఎగదోశాను. ప్రతి గడిలోనూ కన్యకాపరమేశ్వరి అని పూర్తి పేరు రాసింది. గడి పట్టకపోతే గీతను కాస్త జరిపిందట. ఆదివారం ఆ కాగితాలు తీసుకుని చేవెళ్ల వచ్చింది. అక్కడ ఏం జరిగిందో మర్నాడు బస్సులో చెప్పింది.

లక్ష్మీనర్సయ్య గడుల వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లి ఆగాడట.

“గిదేంది బిడ్డా, అంతట నీ పేరే ఉన్నది?”

“మొయినాబాద్ దుకాణం నాకు గావాలె బాపు. నేను నడుపుత.”

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడట.

“అప్పుడెందుకు రాయకపోతివి? వాడు బొమ్మలు గీసే కోర్సు చేస్త, పట్నంల ఉంట అని ఒకటే ఏడ్సుడు. అక్క సదువుకున్నది, నువ్వే నడపాలె అని రాసింది సూడరా అని నీ కాగితం జూపిచ్చి ఆపిన. నీకు దుకాణం మీద మనసు లేదనుకున్న.”

కల్యాణ్ అక్కడే తక్కెడలో పప్పు జోకుతున్నాడు. తలెత్తలేదు. “నువ్వు రాయకపోతే పోయేటోన్ని అక్కా” అన్నాడట. కోపంగా కాదు, ధర చెప్పినట్టు చెప్పాడట. ఫామ్‌హౌస్‌ల గిరాకంతా ఆ దుకాణానికే పోతది, ఇప్పుడు వీణ్ని లెమ్మంటే ఈ వయసులో యాడికి పోతడు అని తండ్రి అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ ముసలాయన మాట నేను నమ్మను. కూతురి చెయ్యి గల్లాకు తగలనివ్వని మనిషి, కాగితం మీద పేరు ఉంటే మాత్రం ఇచ్చి ఉండేవాడా? ఇప్పుడు నెపం కూతురి నెత్తిన రుద్ది చేతులు కడుక్కున్నాడు. ఆ మాటే ఆమెతో అన్నాను. బస్సులో పక్కవాళ్లు తిరిగి చూశారు.

“ఇయ్యకపోవునేమో” అంది కన్యక. “కానీ ఇయ్యను అని ఆయన నోటితోని అనే పని లేకుండ జేసిన. ఆ పని గూడ నేనే చేసిపెట్టిన.”

కిటికీ అవతల ఫామ్‌హౌస్‌ల గోడలు వెనక్కి పోతున్నాయి. మరి ఆ రిపోర్టు ఏం చేశావని అడిగాను. చించేశానంటుందని ఆశపడ్డాను. బ్యాంకు వాళ్లు తొందరపెడుతున్నారట. అక్కడే కూర్చుని గడులన్నీ మార్చి ఇచ్చి వచ్చిందట. మళ్లీ తమ్ముడి పేరేనా, నీకు సిగ్గు లేదా అని గట్టిగానే తిట్టాను. ఆమె నా వైపు తిరగలేదు.

“అప్పుడు మర్యాదకు రాసిన. ఇప్పుడు నిజమే గద, వాడే చేస్తడు.”