గండుచీమల పెట్టె

బీబీజాన్‌కు చీమలంటే గిట్టదు. నాగాయలంకలో ఆమె తండ్రికి బెల్లం కొట్టు ఉండేది. బెల్లం దిమ్మలు పెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు ఉంచడం, అవి ఎండిపోకుండా చూడడం, గోడవారన బారులు తీరిన చీమలను చీపురుతో ఊడ్చడం ఆమె చిన్నప్పటి పనులు. పెళ్ళయి బందరు వచ్చేశాక ఆ పీడ వదిలిందనుకుంది. భర్త మొయినుద్దీన్‌ది చిలకలపూడిలో ఒక యూనిట్‌లో రోల్డుగోల్డు పని, కొంత ఇంటికీ తెచ్చుకుంటాడు. గాజులకూ నెక్లెసులకూ రాళ్ళు పొదుగుతాడు. నెమ్మదస్తుడు. తాగుడు లేదు, పేకాట లేదు, గట్టిగా మాట్లాడడం కూడా తెలియదు. పాతికేళ్ళ కాపురంలో ఆయన వల్ల ఆమెకు వచ్చిపడిన తలనొప్పి ఒక్కటే. ఆయన ఇంట్లో చీమలను పెంచడం మొదలుపెట్టాడు.

అదీ పనిగట్టుకుని మొదలుపెట్టింది కాదు. మూడేళ్ళ కిందట, తొలకరి వాన వెలిసిన సాయంత్రం, ముందుగదిలో పనిబల్ల దగ్గర కూర్చుని ఉంటే దీపం చుట్టూ రెక్కల చీమలు ముసిరాయి. వాటిలో ఒక పెద్దది రాళ్ళ పళ్ళెంలో పచ్చరాళ్ళ మధ్య పడింది. పట్టకారుతో తీసి పారేద్దామని వంగిన మనిషి, కంటికి తగిలించుకున్న అద్దంలోంచి చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఆ చీమ తన రెక్కలను తానే కాళ్ళతో నెట్టుకుంటూ ఒక్కొక్కటే ఊడదీసుకుంటోంది.

"బీబీ, ఇలా రా. ఓసారి చూడు" అని పిలిచాడు.

ఆమె చీపురు పట్టుకుని వచ్చింది.

"వద్దు, వద్దు" అంటూ ఆయన పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

వాళ్ళమ్మాయి ఆలియా గుడివాడలో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతోంది. తండ్రి పంపిన ఫొటో చూసి, వాళ్ళ కాలేజీ ల్యాబులో పనిచేసే అభిషేక్ అనే అతని ఫోన్ నంబరు ఇచ్చింది. అతను కూడా ఇంట్లో చీమలను పెంచుతాడట. అభిషేక్ ఆ రాత్రే ఫోన్ చేసి, "అది గండుచీమల్లో రాణండీ. గాజు గొట్టంలో అడుగున నీళ్ళు పోసి, దూది కూరి, ఇవతల దాన్ని వదలండి. చీకట్లో పెట్టండి. దానికి తిండి కూడా అక్కర్లేదు, పిల్లలు పుట్టేదాకా ఒంట్లో ఉన్నదే కరిగించుకుని బతుకుతుంది" అని చెప్పాడు.

ఆ చివరి మాట మొయినుద్దీన్‌కు బాగా పట్టింది. రోజూ పనికి వెళ్ళేముందు గొట్టం మీద గుడ్డ ఎత్తి చూసేవాడు. నెల తిరిగేసరికి గుడ్లు, పురుగులు, ఆ తర్వాత బక్కపలచని నల్లచీమలు నాలుగు. మరుసటేడాదికి గొట్టం చాలలేదు. ఆయన ప్లాస్టర్ పోతపోసి, రాళ్ళు పొదిగే ఉలితో అందులో గదులూ వాటి మధ్య దారులూ తొలిచి, పైన అద్దం బిగించాడు. దాని పక్కన చీమలు తిరగడానికి మూతలేని డబ్బా ఒకటి అతికించాడు. డబ్బా అంచు లోపల పౌడరు రాస్తే చీమలు జారిపోయి పైకి ఎక్కలేవు. బీబీజాన్ పౌడరు డబ్బా అలా ఖాళీ అయింది.

"ఒక పక్క నేను చీమలమందు చల్లుతుంటే, ఇంకో పక్క మీరు వాటికి కోడిగుడ్డు పెడుతున్నారు. ఇదేం ఇల్లండీ" అనేది ఆమె.

"ఇవి బయటికి రావు బీబీ. వీటి దారిన ఇవి ఉంటాయి."

"వాటికి మీరున్నారు. నాకెవరున్నారు?"

ఆయన నవ్వి ఊరుకునేవాడు. పక్కింటి సరోజిని వచ్చినప్పుడల్లా బీబీజాన్ ఈ గోడు వెళ్ళబోసుకునేది. సరోజిని మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి పెట్టెలోకి వంగి చూసి, "మీ ఆయన మేడ కట్టాడు కదే వీటికి" అని మెచ్చుకునేది.

పోయిన చలికాలంలో మొయినుద్దీన్ కుడికంటి ముందు నల్లటి తెర దిగినట్టయింది. రెండ్రోజులు చెప్పకుండా ఊరుకున్నాడు. మూడోనాడు ఎర్రరాయి పెట్టాల్సిన చోట పచ్చరాయి పెట్టి, అప్పుడు భార్యకు చెప్పాడు. విజయవాడలో డాక్టరు చూసి, కంటి వెనక పొర ఊడిపోయింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నాడు. చేశారు. కంట్లో గ్యాసు నింపారు. ఆ గ్యాసు పొరను వెనక్కి అదిమి పట్టాలంటే మనిషి బోర్లా పడుకోవాలి. తల ఎత్తకూడదు. తిన్నా, మాట్లాడినా ముఖం నేలవైపే ఉండాలి. డాక్టరు ఒప్పుకునేదాకా ఇంతే.

ఇంటికి తెచ్చి ముందుగదిలోనే మంచం వేసింది బీబీజాన్. నుదుటి కింద దిండు పెట్టి, ఊపిరి ఆడేలా మధ్యలో ఖాళీ ఉంచింది. ఆయన పడుకుని అడిగిన మొదటి మాట నొప్పి గురించి కాదు.

"పెట్టెకి ఎవరైనా తడి పెట్టారా?"

"నేను విజయవాడలో మీ పక్కనే ఉన్నాను కదండీ. ఎవరు పెడతారు?"

"మూలనున్న రంధ్రంలో నాలుగు చుక్కల నీళ్ళు పొయ్యి. తేనెనీళ్ళలో ముంచిన దూది డబ్బాలో పెట్టు. నీకు పుణ్యముంటుంది."

పుణ్యం మాట ఎత్తాక కాదనలేకపోయింది. ముఖం చిట్లించుకుంటూనే నీళ్ళు పోసింది.

మర్నాడు ఆయన, "ఏం చేస్తున్నాయి?" అన్నాడు.

"ఏం చేస్తాయి? తింటున్నాయి, తిరుగుతున్నాయి. వాటికేం, జమీందార్లు."

"రాణి ఏ గదిలో ఉంది?"

"నాకేం తెలుసు? అన్నీ నల్లగానే ఉన్నాయి."

"నా అద్దం పెట్టుకుని చూడు."

ఆయన పొదుగుడు అద్దాన్ని ఆమె అంతకుముందెప్పుడూ కంటికి పెట్టుకోలేదు. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత ఒక్కసారిగా ఒక చీమ ముఖం మనిషి ముఖమంత దగ్గరగా వచ్చేసరికి వెనక్కి తగ్గింది. మళ్ళీ వంగింది. రెండు చీమలు ఎదురెదురుగా నిలబడి మూతి మూతి ఆనించుకున్నాయి.

"ఇవి ముద్దులాడుకుంటున్నాయేంటండీ?"

మంచం మీద ఆయన వీపు కదిలింది. నవ్వుతున్నాడు. "కాదు. ఒకటి తెచ్చిన తేనె ఇంకోదాని నోట్లో పెడుతోంది. లోపలున్న వాటికి అలాగే అందుతుంది తిండి."

ఆ తర్వాత రోజూ అదే పని అయింది. పొద్దున వంటయ్యాక ఆమె కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుని, అద్దం పెట్టుకుని, కనబడినదల్లా చెప్పేది. చెప్పడమంటే ఊరికే చెప్పడం కాదు. ఒకటి పనీపాటా లేకుండా మూలన నిలబడి మీసాలు దువ్వుకుంటోందనీ, అచ్చం ఆయన మేనమామలా ఉందనీ చెప్పేది. ఒకటి దోమ కాలు మోసుకుపోతుంటే ఇంకొకటి అడ్డంపడి వెనక్కి లాగుతోందనీ, ఈ తెలివితక్కువవి మేడలు కడతాయంటే తాను నమ్మననీ తిట్టేది. ఆయన నేలకేసి చూస్తూ వినేవాడు. పెళ్ళయ్యాక ఇద్దరూ కూర్చుని ఇంతసేపు మాట్లాడుకున్నది లేదు. ఆయన పని చూపుతో, ఆమె పని పొయ్యి దగ్గర. మధ్యలో మాటలు అవసరానికి మించేవి కావు.

ఒకరోజు రాణి చుట్టూ చీమలు మరీ గుమిగూడి ఉన్నాయి. దాన్ని నాకుతున్నాయి. రాణి మాత్రం కదల్లేదు. పడుకుందేమో అనుకుంది బీబీజాన్. మర్నాడూ అంతే. దాని కాలు ఒకటి విడిగా పడి ఉంది. అప్పటికీ చీమలు దాన్ని నాకుతూనే ఉన్నాయి. మరుసటి పొద్దున చూస్తే గదిలో రాణి లేదు. తిరిగే డబ్బాలో, తిని పారేసిన దోమరెక్కలూ గుడ్డుపెంకులూ పోగేసే మూలకి, నాలుగైదు చీమలు కలిసి దాన్ని లాక్కొచ్చి పడేశాయి.

బీబీజాన్ పీట మీద అలాగే కూర్చుండిపోయింది.

"రాణి ఎలా ఉంది?" అన్నాడు మొయినుద్దీన్.

"బాగుందండీ" అంది.

పెరట్లోకి వెళ్ళి అభిషేక్‌కు ఫోన్ చేసింది. అతను అంతా విని, "ఎండి ముడుచుకుపోయిందా అత్తయ్యగారూ? అయితే పోయినట్టే" అన్నాడు.

"నేనేమన్నా తప్పు చేశానా బాబూ? నీళ్ళు ఎక్కువ పోశానా?"

"లేదండీ. ఒక్కోసారి కారణం తెలియదు. నాదగ్గరా రెండు పోయాయి అలాగే."

"నువ్వింకో రాణిని తెచ్చి పెట్టలేవా? ఆయన లేచేలోపల?"

"పెడితే ఒప్పుకోవండీ. పరాయి రాణిని చంపేస్తాయి. గుడ్లు పెట్టేది లేదు కాబట్టి ఇంక కొత్తవి పుట్టవు. ఉన్నవి ఉన్నన్నాళ్ళు ఉంటాయి. కొన్ని నెలలు బతుకుతాయి లెండి."

"అవి ఇప్పుడేం చేస్తాయి మరి?"

"ఎప్పటి పనే చేసుకుంటాయండీ."

ఆమె ముఖం కడుక్కుని లోపలికి వచ్చింది. ఆయన్ను ఏడిపించకూడదని డాక్టరేమీ చెప్పలేదు గానీ, ఆ కంటికి ఇప్పుడు ఏడుపు మంచిది కాదని ఆమెకే అనిపించింది. చూపు వస్తుందో రాదో తెలియని మనిషికి ఇదొకటి చెప్పడమెందుకు? లేచాక చూద్దాంలే అనుకుంది.

ఆనాటి నుంచి కిటికీ దగ్గర కూర్చుని లేనిది చెప్పసాగింది. రాణి మధ్యగదిలోకి మారింది, పొట్ట నిండుగా ఉంది, గుడ్లు ముత్యాల్లా కుప్పపోసినట్టున్నాయి, చీమలు వాటిని భద్రంగా నోట పట్టుకుని తిప్పుతున్నాయి. చెప్పేకొద్దీ ఆమెకే ఆశ్చర్యం, ఇన్ని మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని. ఆయన మునుపటిలా మధ్యలో ప్రశ్నలేమీ వేయడం లేదు. ఊ కొడుతున్నాడు, అంతే.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం ఆమె స్పూనుతో మజ్జిగన్నం పెడుతుంటే ఆయన నమలడం ఆపేశాడు.

"బీబీ, రాణి ఎప్పుడు పోయింది?"

స్పూను ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరు చెప్పారు మీకు? అభిషేక్ ఫోన్ చేశాడా?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చీమల్ని తిట్టడం మానేసి ఎన్నాళ్ళయిందో చూసుకో."

ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. మంచం పక్కన నేలమీద కూలబడి, అన్నం గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేలకు వంగి ఉన్న ఆయన ముఖం, నేలమీద కూర్చున్న ఆమె ముఖం అప్పుడు ఎదురెదురుగా ఉన్నాయి. కట్టు కట్టని కంటితో ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"నువ్వు చెప్పిన గుడ్లు బాగున్నాయి" అన్నాడు. "వినాలనిపించింది. అందుకే అడక్కుండా ఆగాను."

"నాకు చెప్పాలంటే నోరు రాలేదండీ."

"తెలుసు. మిగతావి తింటున్నాయా?"

"తింటున్నాయి."

"అయితే పెట్టు. అవి పస్తుండకూడదు."

డాక్టరు లేవొచ్చన్నాక కూడా కుడికంటికి చూపు కొంతే వచ్చింది. మనిషి ఆకారం తెలుస్తుంది, గుమ్మం తెలుస్తుంది, రాయి మొన తెలియదు. ఒక రోజు పనిబల్ల దగ్గర కూర్చుని నెక్లెసు ఒకటి ముందేసుకున్నాడు. ఒంటికంటితో లోతు అందక రాయి గుంటలోకి వెళ్ళకుండా పక్కకి జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. బీబీజాన్ వంటింటి గుమ్మంలోంచి చూసి కూడా చూడనట్టు లోపలికి పోయింది. ఆయన పనిచేసే యూనిట్ యజమాని పెద్దిరాజు మంచివాడు. నగలకు కోటింగు సరిగ్గా పట్టిందో లేదో చూసి డబ్బాల్లో సర్దే పని చూపించాడు. మొయినుద్దీన్ కాదనలేదు. పనిముట్లు మాత్రం నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. అద్దం బీబీజాన్ దగ్గరే ఉండిపోయింది.

పెట్టెలో చీమలు నెలనెలా తగ్గుతూ వచ్చాయి. పెద్దగా ఏమీ జరగలేదు. అభిషేక్ చెప్పినట్టు ఎప్పటి పనే చేసుకుంటూ పోయాయి. గదులు శుభ్రం చేసుకున్నాయి, తెచ్చిన తేనె ఒకదానికొకటి పెట్టుకున్నాయి, చచ్చినవాటిని మూలకి మోసుకెళ్ళాయి. ఇక పారేయకూడదా అని సరోజిని అడిగితే బీబీజాన్‌కు కోపం వచ్చింది. "బతికున్నవాటిని ఎలా పారేస్తాం?" అంది.

వానాకాలం మొదట్లో నాగాయలంకలో ఆమె తమ్ముడి కూతురి నిశ్చితార్థం. మొయినుద్దీన్‌కు సెలవు దొరక్క ఆమె ఒక్కతే వెళ్ళింది. ఆ సాయంత్రం వాన పడి వెలిసింది. వసారాలో ట్యూబులైటు చుట్టూ రెక్కల చీమలు లేచాయి. బిర్యానీ గిన్నెల మీద పడతాయని ఆడవాళ్ళంతా మూతలు వెతుకుతుంటే, బీబీజాన్ ఖాళీ మాత్రల సీసా పట్టుకుని గోడ చుట్టూ తిరిగింది. మరదలు మెహజబీన్ చూసి, "బెల్లం కొట్లో చీమల్ని చీపురుతో బాదేదానివని మీ తమ్ముడు చెప్తాడు. ఇప్పుడేంటి వదినా ఇది" అంది.

"నీకు తెలీదులే, పక్కకి తప్పుకో" అంది బీబీజాన్, సీసా మూతకి పిన్నీసుతో చిల్లులు పొడుస్తూ.

మర్నాడు అవనిగడ్డ మీదుగా బస్సు ఎక్కింది. సీసా ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పింది. చల్లపల్లిలో ఎక్కి పక్కన కూర్చున్న ముసలాయన, మాటిమాటికీ కొంగెత్తి చూసుకుంటున్న ఆమెను గమనించి, మందా అమ్మా అని అడిగాడు. అవునండీ, మా ఆయనకి అని చెప్పింది.

ఇంటికి చేరగానే సీసాను భర్త చేతిలో పెట్టింది. మొయినుద్దీన్ కిటికీ వెలుతురులో ఎడమకంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మగది" అన్నాడు. "ఇదీ మగదే. ఇదీనూ. నువ్వు పెళ్ళికొడుకులనే ఏరి తెచ్చావు బీబీ."

ఆమె ముఖం వాడిపోయింది. ఆయన సీసా ఇంకోపక్కకి తిప్పాడు. మాత్రల సీసాలో మిగిలిన దూది కింద, వీటన్నిటికంటే లావుగా, ఒకటి దాక్కుని ఉంది. దానికి రెక్కలు లేవు. అవి సీసా అడుగున పడి ఉన్నాయి.

"ఇదిగో" అన్నాడు ఆయన. సీసాను ఆమె కంటి దగ్గరికి పట్టాడు.

గొట్టం తయారుచేసింది బీబీజానే. నీళ్ళు పోసి, దూది కూరి, రాణిని లోపలికి పంపింది. చీకటిగా, అదురు లేకుండా ఉండే చోటు ఇంట్లో బీరువా ఒక్కటే. తన పెళ్ళి చీర మడతల మధ్య గొట్టాన్ని పడుకోబెట్టింది. ఊరికే తీసి చూడొద్దని అభిషేక్ గట్టిగా చెప్పాడు గనక ఓపిక పట్టారు. పదిహేను రోజుల తర్వాత అద్దం పెట్టుకుని ఆమే చూసింది. గుడ్లున్నాయి. ముత్యాల్లా ఏమీ లేవు, ఎండు బియ్యపు నూకల్లా ఉన్నాయి. ఆయనకు అలాగే చెప్పింది.

సెలవులకు వచ్చిన ఆలియా తువ్వాలు కోసం బీరువా తలుపు ధడేలున తీసింది. వంటింట్లోంచి బీబీజాన్ పరుగెత్తుకొచ్చింది.

"మెల్లగా తియ్యవే. అందులో బాలింత ఉంది."