గ్రామఫోనులో కందెన

మా గ్రామఫోను ఒక జమీందారు దివాణం నుంచి వచ్చింది. నల్లమలలో పెద్దపులి మీద పడబోతుంటే మా చిన్నాయన అడ్డం నిలిచి జమీందారుగారిని కాపాడాడు. ఆయన సంతోషించి స్వహస్తాలతో ఇచ్చిన బహుమానం అది. పులి తొమ్మిదడుగులు.

ఇది నేను మార్కాపురంలో చెప్పుకున్న సంగతి. పులీ లేదు, జమీందారూ లేడు. చిన్నాయన మాత్రం నిజం. శ్రీశైలం యాత్రికులను ఎద్దులబండిలో పెద్దదోర్నాల దాకా చేరవేసేవాడు. నాయన పోయాక నన్ను చదివించింది ఆ బండే.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. నేను పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాను. పాతికేళ్లు, పెళ్లి కాలేదు, ఊరికి కొత్త. పొద్దంతా పలకలు పెట్టెల్లో సర్దించడం, సాయంత్రం గదికి వచ్చి గోడకేసి చూస్తూ కూర్చోవడం. తిన్నావా అని అడిగే మనిషి లేడు. చిన్నాయన పోయాడన్న కబురు నాకు చేరేసరికి పదిరోజులైంది. ఆ కబురు తెచ్చిన బండివాడే గోనెసంచిలో చుట్టిన ఈ యంత్రాన్ని, రెండు పాటల ప్లేట్లను నా అరుగు మీద దించి పోయాడు. చిన్నాయన దగ్గర ఇలాంటిదొకటి ఉందని అంతవరకు నాకు తెలియదు.

ఆ సాయంత్రమే పిడి తిప్పి ప్లేటు పెట్టాను. పాట సగమయ్యేసరికి అరుగు నిండింది.

"ఏంది నాయనా, ఇంత ఖరీదైన వస్తువు నీకెట్ల వచ్చె?" అంది పక్కింటి అవ్వ.

పెట్టె మీద ఎవరిదో పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. నాలుగు మేకుల రంధ్రాలు మిగిలాయి. ఆ రంధ్రాల్లోంచే పుట్టాడు జమీందారు. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. వాళ్లు వచ్చినన్నాళ్లూ పులి పెరుగుతూనే ఉంది.

నెల తిరక్కముందే పాట ఈడ్చుకుపోసాగింది. ఆడగొంతు మగగొంతైంది. సంతరోజున కంభం నుంచి గడియారాలు బాగుచేసే సాయిబు వస్తే పిలిచాను. నా దురాశ చూడండి. లోపల దొరల కంపెనీ పేరేదైనా కనిపిస్తే దివాణం కథకు సాక్ష్యమవుతుందని, అందరూ చేరిన తర్వాతే విప్పమన్నాను.

సాయిబు మరలు విప్పాడు. పుల్లతో లోపలి నుంచి నల్లటి బంక తీసి వాసన చూశాడు.

"యంత్రం దొరల సీమ సరుకే. పెట్టె మాత్రం ఇక్కడి వడ్రంగి చేసినాడు. ఇదేందో నువ్వు చెప్పు అవ్వా" అని పుల్ల ఆమె ముందు పెట్టాడు.

అవ్వ వేలికి రాసుకుంది. "ఆముదంలో గడ్డిబూడిద నూరినారు. బండి ఇరుసుకు పూసే కందెన గదా!"

"అదే! ఎండి బిగుసుకుపోయింది, స్ప్రింగెట్ల తిరుగుతాది? దీన్ని వాడినోడు బండి మనిషి. చేతికి తెలిసిన మందు వేసినాడు."

"జమీందారు పులికి బండి కట్టినాడేమోలే!" అన్నారెవరో. అరుగంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు.

"మీ చిన్నాయన ఏం పని చేసేవాడు నాయనా?"

"బండి తోలేవాడు."

"ఆ మాట చెప్పేదానికేమి? అడివిలో వట్టి బండితో తిరిగొచ్చేటప్పుడు తోడుకు పెట్టుకున్నాడేమో, పాపం."

ఒకసారి చిన్నాయన ఫ్యాక్టరీ ముందు బండి ఆపి నన్ను పేరుపెట్టి పిలిచాడు. ఎవరతనని మా యజమాని అడిగితే, "మా ఊరి మనిషండీ" అన్నాను. చిన్నాయనకు వినపడింది. ఎద్దులను అదిలించాడు. మళ్లీ అటు రాలేదు, నేనూ వెళ్లలేదు.

నిజం తెలిశాక జనం రావడం మానేశారని తర్వాత చాలామందికి చెప్పాను. అదీ అబద్ధమే. మర్నాడు అందరూ వచ్చారు. అవ్వ కొంగులో బొరుగులు కూడా తెచ్చింది. ప్లేట్లు రెండూ పగిలిపోయాయని చెప్పి నేనే తలుపేసుకున్నాను. నాలుగు రోజులు తలుపు తట్టారు. ఐదో రోజు ఎవరూ రాలేదు.

సాయిబు వేసిన కొత్త నూనెతో యంత్రం మెత్తగా తిరుగుతోంది. చప్పుడు బయటికి పోకుండా బాకాలో కండువా కుక్కి, దానికి చెవి ఆనించి, రెండు పాటలూ ఒక్కణ్నే విన్నాను.