ఇవాళ్టి మాట

వినుకొండ దగ్గర ఒక పల్లెలో వెంకాయమ్మ అనే ఆవిడ ఉండేది. సంతకం పెట్టమంటే బొటనవేలు చాచేది గానీ, మాటకి మాత్రం ఎప్పుడూ తడుముకునేది కాదు. ఆవిడ ఇంట్లో ‘అది, ఇది’ అనడానికి వీల్లేదు. కూతురు శివపార్వతి “అమ్మా, అది ఇయ్యి” అంటే వినపడనట్టే కూర్చునేది. ముంతా, దుత్తా, చట్టీ, బానా? పేరు పెట్టి అడిగితేనే చేతికొచ్చేది.

“నీళ్లు పడ్డాయే” అన్నా ఊరుకునేది కాదు. “పడటమేందే? చిందాయా, ఒలికాయా, పొర్లాయా? చూసి చెప్పు.”

రోజూ సాయంత్రం కల్లంలో ఎండుమిరపకాయలు ఏరుతూ, రంగుపోయిన తాలుకాయలు పక్కకి తీస్తూ, పిల్లకి ఒక కొత్త మాట ఇచ్చేది. దాన్ని సొంత వాక్యంలో పెట్టి చెప్పాలి, అరువు వాక్యం చెల్లదు. పిల్లకి మూడో ఏడు వచ్చినప్పటి నుంచి, మండే చేతులతోనే, ఏడేళ్లు ఒక్కరోజు మానలేదు ఆ మహాతల్లి. పుస్తకాలు ఎక్కణ్ణించి తెస్తుంది? ఉన్నవి మాటలే, అవే పెట్టింది.

పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో బడికి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని తెలిసి, ఉతికిన చీర కట్టుకుని వెళ్లి కిటికీ అవతల నిలబడింది. ‘మా అమ్మ చెప్పింది’ అని కూతురి నోట ఒక్కసారి వినాలని ఆవిడ ఆశ. ఎవరితోనూ అనలేదు గానీ, అందుకే వెళ్లింది.

ఆయనకి మంచినీళ్లు తెస్తూ ఒక పిల్ల చెంబు ఒరిగించి, “నీళ్లు పడ్డాయండి” అంది.

“పడలేదండి, ఒలికాయి” అంది శివపార్వతి, కూర్చున్నచోటు నుంచే.

ఆయన నవ్వి, తేడా ఏమిటో చెప్పమన్నారు. శివపార్వతి లేచి నిలబడింది. “చెంబు ఊపితే చిందుతాయండి. ఒరిగితే ఒలుకుతాయండి. నిండాక కూడా పోస్తే పొర్లుతాయండి.”

ఆయన ముచ్చటపడిపోయారు. “ఎవరు నేర్పారమ్మా? మీ ఇంట్లో చదువుకున్నవాళ్లున్నారా?”

పిల్ల కిటికీ వైపు చూసింది. కారానికి ఎర్రబడ్డ తల్లి చేతులు చూసింది. పక్కనున్న కరణంగారి పిల్లల్ని చూసింది.

“లేరండి. మా అమ్మది వేలిముద్రండి. మాస్టారే నేర్పారండి.”

రామాంజనేయులు మాస్టారు కాదనలేదు. కండువా సర్దుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు ఆయన భుజం తట్టారు.

వెంకాయమ్మకి మాస్టారి మీద కోపం రాలేదు, ఆయన పరాయివాడు. ఏడేళ్లు తను మాటలు పెట్టి పెంచిన నోరే తనని లేకుండా చేసింది. అది మాత్రం మింగుడుపడలేదు.

ఆ సాయంత్రం శివపార్వతి ఏమీ జరగనట్టే కల్లంలోకి వచ్చి పక్కన కూర్చుంది. “అమ్మా, ఇవాళ మాటేంది?”

“కల్ల.”

“మన కల్లమేగా?”

“కాదు. కల్ల అంటే అబద్ధం. వాక్యం చెప్పు.”

పిల్ల ఒక తాలుకాయ తీసి పక్కనేసింది. “పిల్లలు కల్లలాడరాదు.”

“బళ్లో వాక్యం చెల్లదు. నీది చెప్పు.”

శివపార్వతి చేతిలో కాయ తొడిమ విరిగింది. తల ఎత్తలేదు.

“అమ్మా, పొద్దున బళ్లో... అదీ...”

వెంకాయమ్మ వినపడనట్టే కూర్చుంది.