మూడు సినిమాలకు ఒకే గౌను

తెలియని సంగతి ఏదైనా ఎదురైతే కత్తెరక్కకు కాలూ చెయ్యీ ఆడవు. కొలతలు తీస్తూనే ఆరా తీస్తుంది. మెడ మీద ఆ మచ్చ ఎలా పడింది, చొక్కాకు లోపలి జేబు దేనికి, ఈ బొత్తాలు ఏ కొట్లో దొరికాయి అని అడిగి తెలుసుకుంటే గాని ఆమె టేపు చుట్టిపెట్టదు. అందుకే సినిమా డైరెక్టరు ఒక చేత్తో గుడ్డ ముక్కా, ఇంకో చంకలో దిండంత లావు పుస్తకమూ పట్టుకుని ఆమె కొట్టు మెట్లెక్కిన రోజున ఆమె ముందు చూసింది పుస్తకాన్నే.

"ఇదంతా సినిమా తీస్తారా సార్?"

"ఒకటి కాదక్కా, మూడు. ఒక్క సినిమాలో పట్టే కథ కాదు."

"మూడా! మరి ఎక్కడెక్కడ కోస్తారు?"

డైరెక్టరు నవ్వాడు. పెద్ద పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడాడు గాని ఈ మాట ఇంత సూటిగా ఎవరూ అడగలేదట. పుస్తకంలో రెండు చోట్ల కాగితం చీటీలు పెట్టి ఉన్నాయి. మొదటి చీటీ దగ్గర పదేళ్ళ పిల్ల ఓడ ఎక్కుతుంది. రెండో చీటీ దగ్గర ఒక ఇంటి తలుపు తడుతుంది. తలుపు ఎవరు తీశారో ఆయన చెప్పబోతుంటే కత్తెరక్క రెండు చెవులూ మూసుకుంది.

"కోసే చోటు చెప్పారు, చాలు. మిగతాది సినిమాలో చూస్తా."

తప్పిపోయిన నాన్నను వెతుక్కుంటూ పిల్ల ఇల్లు వదిలి వెళ్తుంది. కథంతా తొమ్మిది రోజుల్లో జరుగుతుంది. ఆ తొమ్మిది రోజులూ పిల్ల ఒంటి మీద ఒకటే నీలం గౌను. సినిమాలు తీయడానికి మాత్రం నాలుగేళ్ళు పడుతుంది. ఆ గుడ్డ నేసిన మిల్లు ఏనాడో మూతపడింది. దొరికింది ఈ ఒక్క నాలుగు మీటర్ల ముక్కే.

"నాలుగేళ్ళలో ఆ వేషం వేసే పిల్ల పెరుగుతుంది కదా సార్?"

"ఎత్తు పెరిగితే కెమెరాతో ఎలాగోలా దాస్తాను. గౌను పొట్టిదైతే దాయలేను. పట్టకపోతే ఇక గౌను పట్టే పిల్లనే తెచ్చుకోవాలి."

ఆయన మామూలుగానే అన్నాడు. ఆ మాట, ఆయన వెంట వచ్చి పక్కనే నిలబడ్డ ఆ పిల్ల చెవిన కూడా పడిందని ఎవరూ గమనించలేదు.

పిల్ల ఎంత పెరుగుతుంది? ఇది తేలకుండా కత్తెర పట్టనంది కత్తెరక్క. పిల్ల అమ్మను పిలిపించి కొలిచింది. నాన్నను గోడకు ఆనించి కొలిచింది. వాళ్ళు పిచ్చిదాన్ని చూసినట్టు చూసినా లెక్కచెయ్యలేదు. నాన్న గుమ్మానికి తల వంచుకుని వచ్చే మనిషి కావడంతో ఆమె గుండె గుభేలుమంది. చివరికి అంచులో ఐదంగుళాల గుడ్డ రెండు మడతలుగా దాచింది. పక్క కుట్లలో రెండేసి అంగుళాలు, చేతుల్లో మూడు. కుట్టడం అయ్యాక గౌను చేతికి బరువుగా తగిలింది. లోపల ఇంకో గౌను ఉన్నట్టే.

డైరెక్టరు తెచ్చిన పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. కత్తెరక్క అత్తగారు దాన్ని వారం రోజుల్లో నమిలి మింగేసింది. అప్పట్నుంచి ఆవిడ నోరు ఊరుకోదు.

"చివర్లో ఏమవుతుందో తెలుసా అమ్మాయ్?"

"అత్తయ్యా, చెప్పారంటే మీ బట్టలు ఇంకో చోట కుట్టించుకోవాలి. నేను ముట్టను."

"ఆహా, మహా గీర!" అని ఆవిడ మూతి తిప్పుకునేది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేది.

మొదటి సినిమా ఆడింది. ఏడాదిన్నర తర్వాత రెండోదానికి కొలతలు తీయడానికి పిల్లను తీసుకొచ్చారు. కత్తెరక్క టేపు పట్టింది. అంగుళం కూడా పెరగలేదు. నడుము దగ్గరైతే గౌను ఇంకా వదులైంది. ఇదేం చోద్యం? అనుమానం వచ్చి పిల్ల మోకాళ్ళ వెనక చెయ్యి పెట్టి చూసింది. గౌను చాటున మోకాళ్ళు వంచి నిలబడి ఉంది.

"ఏంటే ఈ వంకర?"

పిల్ల గౌను అంచు కిందికి లాక్కుంది. "నేను పొడుగైతే నన్ను తీసేస్తారక్కా. ఇంకో పిల్లని చూసిపెట్టుకున్నారు. అది నాకంటే పొట్టి. అందుకే పాలు మానేశా. పొద్దున పూట తినడం కూడా మానేశా."

కత్తెరక్కకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. గౌను తిరగేసి, అంచు కుట్టు నాలుగు వేళ్ళ మేర విప్పి, లోపలి మడతను పిల్ల చేతిలో పెట్టింది.

"ఇది చూడు. ఇదంతా నువ్వు పెరగబోయే ఎత్తు. నీకోసమే దాచా. గౌను సంగతి చూసుకోవడం నా పని, పెరగడం నీ పని. నా పనిలో వేలు పెట్టావంటే ఊరుకోను. వెళ్ళి తిను."

పిల్ల ఆ మడతను చాలాసేపు తడిమి చూసింది. ఆ పూట కత్తెరక్క ఇంట్లోనే రెండు గ్లాసుల పాలు తాగింది.

పిల్ల తన పని తాను చేసింది. ఎంతలా అంటే, మూడో సినిమాకు వచ్చేసరికి కత్తెరక్క తలెత్తి మాట్లాడాల్సి వచ్చింది. డైరెక్టరు ఎదుటే అంచంతా విప్పింది. గౌనంతా ఎండలకూ ఉతుకులకూ వెలిసి లేత నీలమైంది. లోపల దాచిన గుడ్డ మాత్రం కొన్ననాటి ముదురు నీలంలోనే ఉంది. ఐదంగుళాల పట్టీ, చూసేవాళ్ళ కళ్ళలో పొడిచేలా. ముప్పై ఏళ్ళుగా కుడుతోంది, దాచిన గుడ్డ వెలవదన్న సంగతి తోచకపోతే ఎలా? తన బుద్ధి గడ్డి తిన్నదని తనను తానే తిట్టుకుంది.

"పది రోజుల్లో షూటింగు అక్కా. ఆ రెండో పిల్లకి కొలతలు తీసెయ్యండి," అన్నాడు డైరెక్టరు.

పిల్ల మోకాళ్ళు కొద్దిగా వంచింది. అది కత్తెరక్క కంట పడనే పడింది.

"ఆ పది రోజులూ నాకివ్వండి సార్. అప్పటికీ తేడా కనబడితే నేనే తీస్తా కొలతలు."

కొట్లో గుడ్డ ముక్కల గోనె ఉంది. నాలుగేళ్ళ కిందటి నీలం పీలికలు వెతికి పట్టుకుంది. ఒకటి తడిపి ఎండలో, ఒకటి సబ్బునీళ్ళలో, ఒకటి ఉప్పునీళ్ళలో పెట్టి చూసింది. తడిపి ఎండబెట్టిందే అన్నిటికంటే ముందు వెలిసి దారికొచ్చింది. ఇక గౌనులో వెలిసిన భాగానికంతా మందపాటి నల్లగుడ్డ పైపైన కుట్టి కప్పేసి, ముదురు పట్టీలు మాత్రం బయటికి ఉంచి, మేడ మీద ఆరేసింది. గంటగంటకూ నీళ్ళు చల్లింది. అత్తగారు గొడుగు వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కాపలా కూర్చుంది. మూడో రోజు మబ్బు పట్టింది. ఆ రోజంతా కత్తెరక్క ఆకాశం వంకే చూస్తూ కూర్చుంది.

తొమ్మిదో రోజుకు రంగు కలిసింది. కానీ పాత మడత ఉన్న చోట గుడ్డ అరిగి, తెల్లటి గీత ఒకటి మిగిలిపోయింది. ఎంత రుద్దినా పోదు.

"అత్తయ్యా, కథ చెప్పొద్దు. ఒక్క మాట చెప్పండి చాలు. మూడో ముక్కలో ఎక్కడైనా బురద ఉందా?"

అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఎందుకు లేదూ! మొదట్లోనే, ఎనిమిదో రోజు పొద్దున్నే వాగు దాటుతుంది. మోకాళ్ళ దాకా బురదే. ఆ తర్వాత ఆ పిల్ల..."

"చాలు, చాలు!"

కత్తెరక్క గౌనుకు పూసిన వాగు బురద సరిగ్గా ఆ గీత దాకా వచ్చి ఆగింది. మర్నాడు డైరెక్టరు కెమెరాలోంచి ఎంతోసేపు చూసి, "మడత ఎక్కడ విప్పారక్కా?" అన్నాడు.

"మీకెందుకు సార్, తీయండి," అంది కత్తెరక్క. పిల్ల నిటారుగా నిలబడింది.

మూడో సినిమా మొదటి ఆటకు ముగ్గురూ వెళ్ళారు. కత్తెరక్కకు అటు అత్తగారు, ఇటు పిల్ల. ఆట అయిపోయి లైట్లు వెలిగాయి. హాలంతా చప్పట్లు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. కత్తెరక్క అత్తగారి మోచెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, ఇంతకీ వాళ్ళ నాన్న దొరికాడా?"

"అదేంటే! రెండు గంటలు రెప్ప వెయ్యకుండా చూశావుగా?"

"నేను అంచు చూస్తున్నా."

"నాలుగేళ్ళు చెప్తానంటే చెవులు మూసుకుంటివి. ఇప్పుడు చచ్చినా చెప్పను, పో!"

పిల్ల పకపకా నవ్వుతూ లేచి నిలబడింది. కత్తెరక్క చూపు అలవాటుగా దాని పాదాల నుంచి తల దాకా పాకింది. చేతిసంచిలోంచి టేపు బయటికొచ్చింది.

"ఆగవే. మళ్ళీ పెరిగావా?"

పిల్ల మడమలు దగ్గరికి చేర్చి, మోకాళ్ళు బిగించి, గడ్డం పైకెత్తింది.

"రెండంగుళాలక్కా. కావాలంటే కొలిచి చూడు."